వంత పాడినవాళ్ళు

హానుస్ ఉద్యోగం చెయ్యి ఇవ్వడం. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగా అదే ఉద్యోగం. నోర్ద్‌విక్ దీవికీ పక్కనున్న పెద్ద దీవికీ మధ్య తిరిగే చిన్న పడవలో ఆయన తాళ్ళు కట్టే పనివాడు. మా ఫారో దీవుల సముద్రానికి కుదురన్నది లేదు. అల లేస్తే పడవ రేవుగట్టుకి సమానంగా వస్తుంది, దిగితే కిందెక్కడికో పోతుంది. మధ్యలో నల్లటి సందు. ఆ సందు దాటేవాళ్ళకి పడవ అంచున కాళ్ళు తన్నిపెట్టి నిలబడి చెయ్యి అందించాలి. పాస్టరుగారు వచ్చినా అదే చెయ్యి, గొర్రెపిల్లని చంకనేసుకుని ముసలమ్మ వచ్చినా అదే చెయ్యి. తనకి పడనివాళ్ళు ఊళ్ళో లేకపోలేదు, వాళ్ళకీ అందించాడు. ఎవరి చెయ్యో చూస్తూ కూర్చుంటే అల ఆగదు అనేవాడు.

ఆ పాఠమే చలికాలం సాయంత్రాలు ఊరి కుర్రాళ్ళకి చెప్పేవాడు. పడవ మీద కాదు, ఆటగదిలో. మా ఆటకి డోలూ లేదు, సన్నాయీ లేదు. చేతులు పట్టుకుని వలయంగా నిలబడి, ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి వేస్తూ, చెక్క నేల దద్దరిల్లేట్టు తొక్కుతూ పాడుకోవడమే. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు వంత పాడతారు. ఆ ఎత్తుకునేవాడు ఊరికి ఒక్కడే ఉంటాడు. నోర్ద్‌విక్‌లో వాళ్ళ నాన్న తర్వాత హానుసే.

పదిహేనేళ్ళ కుర్రాళ్ళంటే తెలిసిందే కదా. కాళ్ళూ చేతులూ ముందు పరిగెత్తుతాయి, బుద్ధి ఎక్కడో వెనక తాపీగా నడిచి వస్తూ ఉంటుంది. పెద్ద దీవి బడిలో వాళ్ళకి గౌరవం మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు, గోడల మీద రంగురంగుల బొమ్మలు అంటించేవారు. కుర్రాళ్ళు ఆ బొమ్మలకి మీసాలు గీసి వచ్చేవాళ్ళు. హానుస్ నోట మాత్రం గౌరవం అన్న మాట ఎవరూ వినలేదు. చెయ్యి ఎలా పట్టుకోవాలో చెప్పేవాడు, అంతే. అడుగుతున్నట్టు పట్టుకోవాలి గాని లాక్కుంటున్నట్టు కాదు. మధ్యలో వచ్చి ఎవరు నిలబడితే వాళ్ళకి చోటివ్వాలి. పక్కకి ఎవరొచ్చారని మొహం చూడకూడదు.

ఊళ్ళో సీమున్ అని ఒకడున్నాడు. నలభై దాటినా పసివాడే. చొంగ కారుస్తాడు, రోజంతా చేపల పేగులు తీస్తాడు, ఆ వాసన ఎంత కడిగినా పోదు. ఒక గురువారం సీమున్ వచ్చి హోగ్ని పక్కన నిలబడ్డాడు. హోగ్ని అంటే హానుస్ అక్క మర్యున్‌కి మనవడు, ఆయన ఎత్తుకుని పెంచినవాడు. ఆ కుర్రాడు స్వెట్టరు చెయ్యి వేళ్ళ మీదకి లాక్కుని, ఆ ఉన్నితో సీమున్ చెయ్యి పట్టుకున్నాడు. హానుస్ అది చూశాడు. ఆ చలికాలమంతా హోగ్నిని సీమున్ పక్కనే నిలబెట్టాడు. మొదటి వారం స్వెట్టరు, తర్వాత వేళ్ళ కొసలు, తర్వాత చెయ్యి. వసంతం వచ్చేసరికి సీమున్ రాకపోతే వాళ్ళింటికి వెళ్ళి పిలుచుకొచ్చేది హోగ్నియే. అది చూసి హానుస్ లోలోపల ఎంత పొంగిపోయాడో చెప్పలేం. ఇంటికొచ్చి భార్య లేని వంటగదిలో ఒక్కడే కూర్చుని కాఫీ తాగుతూ, వీడు చాలు నాకు, అనుకున్నాడట.

అలా అనుకోవడం ఎప్పుడూ తొందరే.

కిందటి చలికాలం కుర్రాళ్ళు ఎగతాళి పాటలు నేర్పమని అడిగారు. అవి మా పాత అలవాటు. ఊళ్ళో ఎవడైనా వెధవ పని చేస్తే వాడి మీద పాట కట్టి, వాడు వినేట్టు వలయంలో పాడతారు. ఈ రోజుల్లో కట్టేవాళ్ళు లేరు. కుర్రాళ్ళే అడిగేసరికి హానుస్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. ప్రాసలు నేర్పాడు, పదాలు కుదించడం నేర్పాడు, దాంతోపాటు కట్టుబాట్లూ చెప్పాడు. మనిషి చేసిన పని మీద పాడండి, పుట్టుక మీద పాడకండి. నీకన్నా పెద్దవాడి మీద పాడు, చిన్నవాడి మీద కాదు. వెనకాల పాడితే అది చాడీ అవుతుంది, అందుకని ఆ మనిషి వలయంలో ఉండి తీరాలి. పూర్వం పారిపోకుండా చెరోపక్కా బలమైనవాళ్ళు పట్టుకునేవాళ్ళనీ, పాట అయ్యేదాకా వదిలేవాళ్ళు కాదనీ కూడా నవ్వుతూ చెప్పాడు.

పండక్కి ఎవరి మీద కడుతున్నార్రా అని అడిగితే, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వారు. ఇంకెవరి మీద, తన మీదే అనుకున్నాడాయన. అనుకోవడానికి కారణం ఉంది. ఆకులు రాలే కాలంలో చర్చికని తెప్పించిన కొత్త కాఫీ బాయిలరు పెట్టెని పడవ మీంచి అందిస్తూ అందిస్తూ నీళ్ళలో వదిలేశాడు. పాస్టరుగారు రేవులో నిలబడి చూస్తుండగానే అది బుడబుడమంటూ మునిగింది. ఆ తర్వాత నెలల తరబడి ఊరంతా హానుస్ కనిపిస్తే చాలు, సముద్రానికి కాఫీ మరిగిందా అని అడిగేది. పాట కట్టదగ్గ వెధవ పనే. తన మీద పాట కట్టేటంతటి వాళ్ళయ్యారు కుర్రాళ్ళు అని ఆయన మురిసిపోయాడు.

అదే రోజుల్లో ఆయన ఇంకో పని చేశాడు. జెనెలిన్‌ని ఆటకి పిలిచాడు.

జెనెలిన్ తల్లి మారివిక్ ఫిలిప్పీన్స్ మనిషి. మా ఊరి బార్దుర్‌ని పెళ్ళి చేసుకుని, చిన్నపిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. బార్దుర్ నెలలో మూడొంతులు సముద్రం మీదే ఉంటాడు. ఆమె పెద్ద దీవిలో చేపల ఫ్యాక్టరీకి, ఇప్పుడు హోగ్ని ఈడుకొచ్చిన పిల్ల బడికి, రోజూ హానుస్ పడవలోనే పోయేవాళ్ళు. హానుస్ తాళ్ళు చుడుతూ కూనిరాగం తీస్తుంటే ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని వినేది. ఒకరోజు ఆయన పాత పాటలో ఒక చరణం మరిచిపోయి తడుముకుంటుంటే, "తాతా, గుర్రం చరణం వదిలేశావు" అని అందించింది. మాట అచ్చం మా ఊరి యాసే. ఆయన తెల్లబోయాడు. అడిగి చూస్తే కుర్రాళ్ళకి సగం రాని పాటలు ఆ పిల్లకి మొత్తం వచ్చు.

మరి ఆటకెందుకు రావంటే తలుపు దగ్గర నిలబడి చూస్తానంది. లోపలికెందుకు రావంటే భుజాలెగరేసింది. మారివిక్ అసలు సంగతి చెప్పింది. ఇక్కడ అందరూ మంచివాళ్ళేనని, ఎవరూ ఏమీ అనరని, కానీ తను వెళ్ళి నిలబడితే పక్కన చోటు దానంతటదే ఖాళీ అవుతుందని. పిల్లకి ఆ బాధ వద్దంది.

ఆ మాట హానుస్‌కి ముల్లులా గుచ్చుకుంది. తను నేర్పిన కుర్రాళ్ళున్న వలయంలో అలా జరగదని ఆయనకి తెలుసు. సీమున్ చెయ్యి పట్టుకున్నవాళ్ళు వాళ్ళు. అందుకని మారివిక్ వంటగదిలో కూర్చుని, తల్లికీ పిల్లకీ కలిపి మాటిచ్చాడు.

"పండగనాడు రామ్మా. అక్కడ నిన్నెవరూ చిన్నచూపు చూడరు. నాది పూచీ."

ఆ పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి, "నువ్వుంటావుగా తాతా?" అంది.

"నేను లేకుండా పాటెవరు ఎత్తుతారే పిచ్చిదానా" అన్నాడు.

లెంటు ఉపవాసాల ముందు వచ్చే పండగ అది. సాయంత్రానికల్లా ఆటగది కిక్కిరిసింది. గుమ్మం పక్క బల్ల మీద మీగడ కూరిన బన్నులు, ఎండబెట్టిన మాంసం, పాత బాయిలర్లో కాఫీ. మారివిక్ బన్నులు పట్టుకొచ్చి బల్ల వెనకాలే ఉండిపోయింది. జెనెలిన్ మా ఊళ్ళో అల్లిన స్వెట్టరు వేసుకుని వచ్చింది. వచ్చి తడబడుతూ నిలబడితే హోగ్ని తనే పక్కకి జరిగి చోటిచ్చాడు. రెండో పక్క రోయ్ అని వాడి స్నేహితుడు. వాళ్ళిద్దరూ ఆ పిల్ల చేతులు అందుకోవడం వలయానికి అవతలి వైపు నుంచి హానుస్ చూశాడు. అప్పుడు పాట ఎత్తుకున్నాడు.

రెండు పెద్ద పాటలు పాడారు. గుర్రం చరణం వచ్చినప్పుడు జెనెలిన్ గొంతు కుర్రాళ్ళ గొంతుల మీంచి వినిపించింది. ఆయన చూసి కన్ను గీటాడు, ఆ పిల్ల నవ్వింది. అప్పుడు హోగ్ని, తాతా, ఇక మా పాట, అన్నాడు. జనం ఈలలు వేశారు. హానుస్ మొహం ఎర్రబడింది. కానివ్వండ్రా, మునిగినవాణ్ణి ఇంకా ముంచండి, అన్నాడు.

హోగ్ని గొంతు బాగుంటుంది, అది వాళ్ళ ముత్తాత గొంతు.

*పడవెక్కి వచ్చిందొక పార్సిలు పెట్టె,*
*పదిమంది చూడంగ రేవులో పెట్టె.*

గదంతా గొల్లున నవ్వింది. అందరూ హానుస్ వైపు చూశారు. కుర్రాళ్ళు వంత ఒకసారి పాడి వినిపించి, అందుకోమని సైగ చేశారు. ఎవరు కట్టిన పాటకైనా వంత మొదట ఎత్తుకోవలసింది ఆయనే కదా.

*సంతకం చెయ్యవోయ్, సరుకు పట్టుకుపో!*

చాన్నాళ్ళకి అంత హుషారుగా పాడాడు. తల వెనక్కి వేసి, నేల అదిరేట్టు తొక్కుతూ పాడాడు. ఆయన వెనక ఊరంతా పాడింది. రెండో చరణంలో పెట్టె మీద తాళ్ళు, చిరునామా, అది ఏ దేశం నుంచి వచ్చిందో ఎవరికీ తెలియకపోవడం. బాయిలరు డెన్మార్కు నుంచి కదరా అని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకుంటూనే రెండోసారి వంత ఎత్తుకున్నాడు, ఈసారి ఇంకా గట్టిగా.

*ఎండదేశపు సరుకు ఏరి తెప్పించె,*
*కొన్న పాపానికి కొసరొకటి వచ్చె.*

అప్పుడు చూశాడు జెనెలిన్ వైపు. ఆ పిల్ల అడుగులు పడటం లేదు. చెరోపక్కా ఉన్న కుర్రాళ్ళు ఆమెని ఈడ్చుకు తిప్పుతున్నారు. వాళ్ళ చేతులు మణికట్ల మీద ఉన్నాయి. అడుగుతున్నట్టు పట్టుకున్న చేతులు కావవి. ఆమె కళ్ళు మాత్రం కుర్రాళ్ళ మీద లేవు, తిన్నగా హానుస్ మీదే ఉన్నాయి. ఆయన నోరింకా తెరిచే ఉంది.

ఆయన ఆపేశాడు. పాట ఆగలేదు. ఎత్తుకునేవాడు ఆపినా వంత ఆగనక్కర్లేదని ఆయనకి ఆ రోజే తెలిసింది. కొందరికి అర్థమైంది, గొంతు తగ్గించారు గాని కాళ్ళు ఆపలేదు. కొందరికి అర్థమై కూడా నవ్వుతున్నారు. పక్కన చెయ్యి పట్టుకున్న అక్క మర్యున్ పాడుతూనే ఆయన్ని లాగింది, మధ్యలో ఆగకు, నవ్వులపాలవుతావు, అని. ఆ వలయంలో ఎటు చూసినా తనకి తెలిసిన మొహమే, తను ఎన్నోసార్లు అందుకున్న చెయ్యే. అందరూ కలిసి తనని ఏదో గోతిలోకి తోసి పైన తొక్కుతున్నట్టు అనిపించింది.

మా దగ్గర పాట మధ్యలో వలయం తెంచడం తప్పు. ఆయన తెంచాడు. మర్యున్ చెయ్యి విదిలించుకుని నేరుగా మధ్యలోంచి నడిచి వెళ్ళి హోగ్ని ముందు నిలబడ్డాడు.

"వదులు."

"పాట అవలేదు తాతా" అన్నాడు హోగ్ని. వాడు రొప్పుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. "అయ్యేదాకా వదలకూడదని నువ్వేగా చెప్పావు."

హానుస్ వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. విప్పి, ఆ పిల్ల కోసం తన చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి వైపు చూసి వెనక్కి జరిగింది.

"మీరే కదా రమ్మన్నారు" అంది.

మీరు అంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఆయన్ని మీరు అనడం అదే మొదలు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. మారివిక్ బల్ల వెనకనుంచి వచ్చి, బన్నుల పళ్ళెం అక్కడే వదిలేసి, కూతురి భుజం చుట్టూ చెయ్యేసి తీసుకుపోయింది.

కారణం తర్వాత బయటపడింది. క్రిస్మస్ ముందు హోగ్ని తనతో తిరగమని అడిగితే జెనెలిన్ వద్దందట. అంతే. వద్దనడమే నేరం. ఊరు మాత్రం ఊరిలాగే మాట్లాడింది. పిల్లకాయలన్నారు, పండగన్నారు, మన పాత అలవాటే కదా అన్నారు. పైగా ఎగతాళి భరించలేనివాళ్ళు వలయంలోకి రాకూడదని, హానుస్‌కి వయసు మీద పడి కోపం పెరిగిందని కూడా అన్నారు. తర్వాతి గురువారం ఆయన, ఇక నేర్పనని, ఆటగది తాళంచెవి తీసుకెళ్ళి మర్యున్ బల్ల మీద పెట్టేశాడు. నిన్న మొన్నటి పిల్లకోసం నీ వాళ్ళని కాదంటావా అని ఆవిడ అడిగింది. నావాళ్ళెవరో తెలిస్తే కదా కాదనడానికి, అన్నాడు.

పడవలో కుర్రాళ్ళు జెనెలిన్‌ని కొసరు అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఎదురుగా కాదు, వెనకాల. చాడీ అవుతుందని చెప్పినా సరే.

కొన్ని వారాలకి హోగ్ని ఆయనింటికి వచ్చాడు. నాయనమ్మ పంపిందని మాంసం జబ్బ ఒకటి తెచ్చి, గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. తప్పయిపోయింది తాతా అన్నాడు. ఆ మాటకి ముసలాయన గుండె కరిగిపోయింది. కరగదా మరి, ఎత్తుకుని పెంచినవాడు. లోపలికి రమ్మని, కుర్చీ లాగి, అప్పుడడిగాడు.

"ఆ పిల్లకి చెప్పావురా?"

హోగ్ని అర్థం కానట్టు చూశాడు. "ఆమెకెందుకు? కోపం నీకు కదా."

వాడు గడుసుతనానికి అనలేదు. అదే హానుస్‌ని కుంగదీసింది. నిజంగానే వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. సీమున్ చెయ్యి పట్టుకున్నదీ సీమున్ కోసం కాదు, తాత మెచ్చుకుంటాడని. ఆ చలికాలమంతా తను నేర్పింది తన కళ్ళముందు ఎలా ఉండాలో, అంతే. అది వాడు బాగానే నేర్చుకున్నాడు. హానుస్ మాంసం వాడి చేతికే తిరిగిచ్చి తలుపు తీశాడు.

జెనెలిన్‌తో మాట్లాడటానికి ఆయనకి ఇంకా చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం పడవలో మిగతావాళ్ళందరూ లోపల ఉంటే ఆ పిల్ల ఒక్కతే వెనక అంచున కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆయన తాడు చుడుతూ చుడుతూ దగ్గరికెళ్ళాడు.

"నాకు తెలియదమ్మా. నా మీద కట్టారనుకున్నాను. బాయిలరు పాటనుకున్నాను."

ఆ పిల్ల సముద్రం వైపే చూస్తూ విన్నది. నమ్మినట్టే ఉంది. నమ్మడం వల్ల పెద్ద తేడా ఏం పడలేదు.

"రెండోసారి ఇంకా గట్టిగా పాడారు" అంది. "నేను మిమ్మల్నే చూస్తున్నాను. మీరు ఒక్కసారైనా ఇటు చూస్తారేమోనని."

ఆయన చుట్టిన తాడు విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాడు.

మర్నాడు పొద్దున గాలి ఎక్కువగా ఉంది. పడవ రేవు దగ్గర ఎగిరెగిరి పడుతోంది. వరసలో ముందు జెనెలిన్. ఆయన రోజూలాగే చెయ్యి చాచాడు. ఆ పిల్ల పండగ నుంచీ ఆ చెయ్యి అందుకోవడం లేదు, అయినా చాచడం మానలేదు. ఈసారి మాత్రం ఆగి, ఆయన కళ్ళలోకి చూసి, "జరగండి" అంది. ఆయన జరిగాడు. ఆమె అల లేచేదాకా చూసి, సంచీ గుండెకి హత్తుకుని దూకింది. సరిగ్గా దిగింది. వెనక్కి చూడకుండా లోపలికెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.

తర్వాత హోగ్ని. అలవాటుగా చెయ్యి చాచాడు. హానుస్ ఆ చేతిని చూశాడు. పడవెక్కిన రోజు నుంచీ మొదటిసారి, ఎవరి చెయ్యో చూశాడు. మణికట్టు మీద బిగిసిన చెయ్యి అది. తన చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"దూకు. ఆ పిల్ల దూకింది కదా."

హోగ్ని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వరసలో వెనక ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. పైనుంచి కెప్టెను ఏమైందని కేక వేశాడు. కుర్రాడు ఒక అల వదిలేశాడు, రెండోది వదిలేశాడు, చివరికి కళ్ళు మూసుకున్నట్టుగా దూకి పడవలో మోకాళ్ళ మీద పడ్డాడు. లేచి, ఆయన మొహం చూడకుండా లోపలికి పోయాడు. జెనెలిన్ కిటికీలోంచి అవతలి వైపు చూస్తోంది. అదంతా ఆమె కోసమని హానుస్ ఎవరికైనా చెప్పినా, ఆమె ఒప్పుకునేది కాదు.

వాడి వెనక మర్యున్. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మోకాళ్ళు సహకరించవు. గట్టు అంచున నిలబడి, తమ్ముడి జేబు వైపు చూసి, ఎండిపోయిన చెయ్యి చాచింది.

"నన్నూ దూకమంటావేంట్రా? నేనూ పాడానుగా."

ఆవిడ వెనక పాస్టరుగారు, ఆయన వెనక రోయ్ వాళ్ళ నాన్న, దుకాణం ఆవిడ, చేపల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు. ఆ రాత్రి ఆటగదిలో ఉన్నవాళ్ళే అందరూ. హానుస్ జేబులోంచి చెయ్యి తీసి ఇచ్చాడు. ఏం చేస్తాడు? వంత పాడినవాళ్ళకి చెయ్యివ్వనంటే ఆ పడవ ఎక్కడానికి మిగిలేది తల్లీ కూతుళ్ళే. వాళ్ళకి ఆయన చెయ్యి అక్కర్లేదు.